వీడియో చూసి కుంగ్‌ఫూ, తాయ్‌చీ ఫారాలు నేర్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నాకు కర్నూల్లో ఒక చిన్న జిరాక్స్ షాపుంది. పగలంతా అప్లికేషన్ ఫారాలు నింపడమే పని. పొద్దున అయిదు నుంచి ఏడు వరకు మాత్రం వేరే ఫారాలు, వేరే అప్లికేషన్లు. పదకొండేళ్ళుగా మేడ మీద తాయ్‌చీ (నెమ్మదిగా చేసే చైనా యుద్ధవిద్య), కొంచెం కుంగ్‌ఫూ చేస్తున్నాను. అందులో ఎక్కువ భాగం వీడియోలు చూసి నేర్చుకున్నదే. నేను మాస్టర్ని కాను, ఎవరి దగ్గరా ఫీజు తీసుకోను. షాపుకొచ్చే కుర్రాళ్ళూ, అనంతపురం, కడప నుంచి ఫోన్ చేసేవాళ్ళూ అడిగిందే అడుగుతుంటారు కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

ఫారం అంటే ఏంటి, అప్లికేషన్ అంటే ఏంటి?

మీసేవలో ఇచ్చేవి కావు. కరాటే క్లాసుకి వెళ్ళినవాళ్ళకి 'కటా' తెలిసే ఉంటుంది. ఎదురుగా ఎవరూ లేకుండా దెబ్బలు, అడుగులు, మలుపులు ఒక వరసలో చేసుకుంటూ పోవడం. చైనాలో దాన్ని టావ్‌లు అంటారు, మనం ఫారం అనేస్తున్నాం. ఆ వరసలోని ఒక్కో కదలిక ఎదుటి మనిషి మీద ఏం పని చేస్తుందో అది అప్లికేషన్.

ఒక్క ఉదాహరణ. చాలా ఫారాల్లో ఒక చేత్తో గుద్దేటప్పుడు రెండో చెయ్యి పిడికిలి బిగించి నడుం దగ్గరికి వస్తుంది. అది స్టైల్ కోసం అనుకుంటారు. ఆ పిడికిట్లో ఎదుటివాడి మణికట్టు ఉందనుకోండి. మీరు వాణ్ణి మీ వైపు లాగుతూ ఇంకో చేత్తో గుద్దుతున్నారు, అంటే వాడే మీ దెబ్బకి ఎదురొస్తున్నాడు. ఖాళీగా వెనక్కి వచ్చే చెయ్యి ఉండకూడదని పాతవాళ్ళ లెక్క.

చైనా వాళ్ళు ఈ పనులన్నిటినీ నాలుగు రకాలుగా చెప్తారు: తన్నడం, కొట్టడం, పడెయ్యడం, పట్టి బిగించడం. వీడియోల్లో మన కంటికి ఆనేవి మొదటి రెండే. పడెయ్యడం, బిగించడం రెండూ ఫారంలోనే ఉంటాయి, కానీ చూపించేవాడు నోరు తెరిచి చెప్తే తప్ప కనపడవు.

నిజంగా వీడియో చూసి వస్తుందా? సోది లేకుండా చెప్పన్నా.

ఫారం వస్తుంది. అప్లికేషన్ సగం వస్తుంది, అది కూడా ఇంకో మనిషి ఒళ్ళు తగిలితేనే.

గురువు పక్కన లేకుండా నేర్చుకోవాలన్న ఆశ యూట్యూబుతో పుట్టింది కాదు. 1910లో షాంఘైలో మొదలైన జింగ్‌వు సంఘం తన ఫారాలను పుస్తకాలుగా అచ్చేయించింది. సున్ లుటాంగ్ అనే మాస్టర్ 1915లోనే షింగ్‌యీ అనే చైనా పద్ధతి మీద పుస్తకం తెచ్చాడు. అప్పుడు పుస్తకం, ఇప్పుడు ఫోన్. చిక్కు మాత్రం అదే.

బ్రూస్ లీకి వింగ్‌చున్ అనే కుంగ్‌ఫూ పద్ధతి నేర్పిన ఇప్ మాన్ 1972 డిసెంబరులో చనిపోయాడు. అంతకు కొద్ది రోజుల ముందు, ఒంట్లో అస్సలు బాగాలేకపోయినా కెమెరా ముందు నిలబడి వింగ్‌చున్ ఫారాలు చేసి చూపించాడు. ఆ ఫిలిం ఇప్పుడు ఎవరైనా చూడొచ్చు. నేనెన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఆయన దగ్గర ముంజేతికి ముంజెయ్యి ఆనించి ఏళ్ళ తరబడి చీసావ్ చేసినవాళ్ళకి అందులో ఒక్కో మణికట్టు తిప్పులో ఎంత ఒత్తిడి ఉందో తెలుస్తుంది. నాకు మాత్రం బక్కచిక్కిన ఒక ముసలాయన గాల్లో చేతులు కదపడమే కనిపిస్తుంది. వీడియోతో వచ్చే ఇబ్బంది మొత్తం ఇక్కడే ఉంది. ఆకారం తెర మీద కనిపిస్తుంది, బరువు, ఒత్తిడి, దూరం కనిపించవు.

అయినా ఎందుకు నేర్చుకోమంటున్నానంటే, మనకి వేరే దారి తక్కువ. మన ఊళ్ళలో కరాటే, తైక్వాండో క్లాసులు వీధికొకటి దొరుకుతాయి గానీ, ఒక పాత చైనా పద్ధతిని మొదటి నుంచి చివరిదాకా చెప్పేవాళ్ళు అరుదు. ఉన్నదాంతో జాగ్రత్తగా నేర్చుకోవడం నయం.

దేంతో మొదలుపెట్టాలి?

తాయ్‌చీ 24 భంగిమల ఫారంతో. మీకు తాయ్‌చీ మీద ఇష్టం లేకపోయినా సరే.

కారణం చెప్తాను. పాత ఫారాలు ఒక్కో గురువు దగ్గర ఒక్కోలా ఉంటాయి. వింగ్‌చున్ మొదటి ఫారం సీవ్ నిమ్ టౌ తీసుకోండి, ఇప్ మాన్ శిష్యుల్లోనే తేడాలున్నాయి. నాలుగు వీడియోలు చూస్తే నాలుగు రకాలు, దేన్ని నమ్మాలో తెలీక టెన్షన్. ఈ 24 మాత్రం 1956లో చైనా ప్రభుత్వ క్రీడా సంఘం తాయ్‌చీలో యాంగ్ అనే పద్ధతిలోని పొడవాటి ఫారాన్ని కుదించి ఖాయం చేసిన వరస. అందుకే బీజింగ్ వీడియో అయినా బెంగళూరు వీడియో అయినా వరస మారదు, చిన్న చిన్న తేడాలే. ఒకదాంట్లో అర్థం కానిది ఇంకోదాంట్లో చూసుకోవచ్చు. మొత్తం చేస్తే అయిదు నిమిషాలు. నెమ్మదిగా చేసేది కాబట్టి తప్పు చేసినా ఒళ్ళు విరగదు.

"తాయ్‌చీ ముసలోళ్ళది గదన్నా" అనే కుర్రాళ్ళకి వుబుచువాన్ చెప్తాను. అయిదు నిలకడల ఫారం: విల్లు నిలకడ, గుర్రం నిలకడ, కాళ్ళు మెలేసి కూర్చునేది, ఒక కాలు చాపి నేలకి ఆనేది, ముందు కాలి మీద బరువు లేకుండా నిలబడేది. నిమిషం కూడా పట్టదు. అది గట్టిపడ్డాక తాన్‌టుయ్ పట్టుకోండి. పది, పన్నెండు వరసలు, ప్రతిదీ కుడికీ ఎడమకీ తిరగేసి చేసేది.

పోటీల్లో చేసే ఎగురుళ్ళు, గాల్లో తిరిగే తన్నులు వీడియో చూసి చెయ్యొద్దు. అవి పరుపులూ, పట్టుకునే కోచ్‌లూ ఉన్నచోట నేర్చుకునేవి.

మంచి వీడియో అని ఎలా తెలుస్తుంది?

పాదాలు కనిపించాలి. నా దృష్టిలో మొదటి పరీక్ష ఇదే. సగానికి సగం వీడియోల్లో నడుం పైనే చూపిస్తారు, చేతులు భలే తిరుగుతుంటాయి. ఈ విద్యలో పని చేసేవి కాళ్ళు.

తర్వాత, ఫారం మొత్తం ఆపకుండా ఒకే షాట్‌లో ఉండాలి. అదే మనిషి అదే ఫారాన్ని వెనక నుంచి కూడా చూపిస్తే ఇంకా మంచిది. తను ఎవరి దగ్గర నేర్చుకున్నాడో చెప్పాలి. వెనక పెద్ద డప్పులు, కెమెరా గిరగిరా తిరగడం ఉంటే చూసి ఆనందించండి, నేర్చుకోవడానికి మాత్రం వాడకండి.

ఒకదాన్ని ఎంచుకున్నాక ఆరు నెలలు దాన్ని వదలొద్దు. ఫోన్‌లో 200 వీడియోలు సేవ్ చేసుకున్న కుర్రాణ్ణి ఎరుగుదును. ఒక్క ఫారం రాదు.

ఎడమా కుడీ తికమక అవుతోంది. ఏం చెయ్యాలి?

ఇది చిన్న విషయం కాదు, నా ఎనిమిది నెలలు మింగేసింది.

నేను 24 నేర్చుకున్న వీడియోలో మాస్టర్ మనకి ఎదురుగా నిలబడి చేస్తాడు. ఆయన చెయ్యి ఏ వైపు కదిలితే నేనూ ఆ వైపే కదిపాను, అద్దంలో చూసుకున్నట్టు. ఆయన ఎడమ నాకు కుడి అయింది. ఎనిమిది నెలలు రోజూ చేశాను, కళ్ళు మూసుకున్నా వచ్చేది. తర్వాత పని మీద బెంగళూరు వెళ్ళినప్పుడు ఒక పార్కులో పొద్దున్నే గుంపుగా చేస్తుంటే అడిగి వరసలో నిలబడ్డాను. చేతులు పైకి లేపి దించేదాకా బాగానే ఉంది. రెండోది 'అడవి గుర్రం జూలు విడదీయడం'. ఇరవై మంది ఎడమకి తిరిగారు. నేనొక్కణ్ణి కుడికి తిరిగి, పక్కన రిటైరయిన పెద్దాయన ఛాతీకి మోచెయ్యి పెట్టాను. ఆయన పాపం "పర్లేదు, కొత్తగా వచ్చారా?" అన్నారు. ఎనిమిది నెలలైందని చెప్పడానికి నోరు రాలేదు.

దాన్ని తిరగేసుకోవడానికి ఇంకో ఏడాది పట్టింది. కొత్తగా నేర్చుకోవడం కంటే నేర్చుకున్నది చెరుపుకోవడం కష్టమని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

కాబట్టి వెనక నుంచి తీసిన వీడియోతోనే నేర్చుకోండి. మీ ఎడమ మణికట్టుకి ఒక రబ్బరు బ్యాండ్ వేసుకోండి (నా షాపులో వాటికి కొదవ లేదు). వీడియో మొదట్లోనే మాస్టర్ ఏ కాలు ముందు కదుపుతాడో చూసి కాగితం మీద రాసుకోండి. ఇంకొకటి, మిమ్మల్ని మీరు తీసుకునేటప్పుడు ఫోన్ వెనక కెమెరా వాడండి. సెల్ఫీ కెమెరాలో బొమ్మ తిరగబడి కనిపిస్తుంది, కొన్ని ఫోన్లలో సేవ్ కూడా అలాగే అవుతుంది. అప్పుడు ఉన్న తికమకకి ఇంకోటి తోడు.

రోజూ ఎలా ప్రాక్టీస్ చెయ్యాలి?

వారానికి ఒక భంగిమ. అంతే. 24కి ఆరు నెలలు.

మొదటి రోజు కదలకుండా కూర్చుని ఆ ముక్కనే పదిసార్లు చూడండి. యూట్యూబులో వేగం సగానికి తగ్గించుకోవచ్చు. కంప్యూటర్లో అయితే వీడియో ఆపి, కీబోర్డులో కామా, ఫుల్‌స్టాప్ నొక్కితే ఒక్కో ఫ్రేమ్ వెనక్కీ ముందుకీ జరుగుతుంది. బరువు ఏ కాలి మీద ఉన్నప్పుడు ఏ చెయ్యి కదిలిందో అప్పుడు దొరుకుతుంది. తర్వాత ఫోన్ పక్కన పెట్టేసి గుర్తున్నంత చెయ్యండి. ఫోన్ చూస్తూ చేస్తే మెడ ఎప్పుడూ ఫోన్ వైపే తిరిగి ఉంటుంది, ఆ మెడ తిప్పు కూడా ఫారంలో భాగమైపోతుంది. నవ్వులాటకి అనట్లేదు, చాలామందిలో చూశాను.

వారం చివర్లో మిమ్మల్ని మీరు వీడియో తీసుకోండి. నేను 20 లీటర్ల వాటర్ క్యాన్ మీద ఫోన్ నిలబెడతాను, మోకాలి ఎత్తుకి కొంచెం పైకి వస్తుంది. ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి. అర నిమిషం చాలు.

మొదటిసారి నన్ను నేను చూసుకున్న రోజు మర్చిపోలేను. గుర్రం నిలకడలో బాగా కిందికి కూర్చున్నానని నా నమ్మకం, తొడలు మండిపోతున్నాయి మరి. వీడియోలో చూస్తే ఆదోని బస్సు కోసం నిలబడ్డవాడిలా ఉన్నాను. కొద్దిగా మోకాళ్ళు వంగాయంతే. వీపు మాత్రం గూనిలా ముందుకి వాలింది. ఏ మాస్టర్ వీడియో వంద సార్లు చూసినా ఇది తెలిసేది కాదు. ఫోన్‌తో నేర్చుకోవడం అంటే అందరూ తెర చూడటం అనుకుంటారు. నా అనుభవంలో వెనకున్న కెమెరా నేర్పింది ఎక్కువ.

మీ వీడియోలో చూడాల్సినవి: మోకాలు కాలివేళ్ళ వైపే చూస్తోందా, వెనక మడమ నేల మీద ఉందా, తల ఎత్తు మారుతోందా, పిర్రలు వెనక్కి తోసుకొచ్చాయా. చేతులు ఆఖరున.

అప్లికేషన్ వీడియోలో వాళ్ళు చేస్తే అవుతుంది, నేను చేస్తే కావట్లేదు. ఎందుకు?

ఈసారి మాస్టర్ని వదిలేసి గుద్దేవాణ్ణి చూడండి. వాడు ఒక్క గుద్దు గుద్ది, ఆ చెయ్యి అలాగే గాల్లో చాపి నిలబడతాడు, బట్టలారేసే దండెంలా. ఆ చెయ్యి మీద మాస్టర్ తీరిగ్గా అయిదారు పట్లు వేస్తాడు. నిజంగా గుద్దేవాడి చెయ్యి ఎంత వేగంగా వస్తుందో అంతే వేగంగా వెనక్కి పోతుంది. ఇంట్లో ఎవరినైనా గుద్దమని, వెంటనే లాక్కోమని చెప్పి ఆ మణికట్టు పట్టుకోవడానికి ప్రయత్నించండి. పది నిమిషాల్లో సగం వీడియోల సంగతి తేలిపోతుంది.

అందుకే నేను గుద్దుతో మొదలుపెట్టను. పట్టుకోవడంతో, నూకడంతో మొదలుపెడతాను. మీ మణికట్టో చొక్కానో పట్టుకున్నవాడి చెయ్యి అక్కడే ఉంటుంది, పారిపోదు. చాలా ఫారాల్లో గుండ్రంగా తిరిగే చేతులకి పని అక్కడే దొరుకుతుంది.

ఒక భంగిమ దగ్గరగా చూపిస్తాను. 24లో నాలుగోది, లౌషీ ఆవ్‌బు, 'మోకాలు తుడుస్తూ అడుగు'. ఎడమ చెయ్యి ఛాతీ ముందు నుంచి కిందికి వచ్చి ఎడమ మోకాలి పక్కగా తుడుచుకుంటూ పోతుంది. కుడి అరచెయ్యి చెవి పక్క నుంచి ముందుకు పోతుంది. ఎడమ కాలు ముందుకు పడుతుంది. వీడియోలో చెప్పిన అర్థం: కింద వచ్చే తన్నునో గుద్దునో ఎడమ చేత్తో పక్కకి తోసి, కుడి చేత్తో ఛాతీ మీద కొట్టడం.

మా బావమరిదికి డోన్‌లో టైర్ల షాపు. మనిషి తొంభై కిలోలు. పండక్కి వచ్చినప్పుడు మేడ మీదికి తీసుకెళ్ళి తన్నమన్నాను. తన్నాడు, పక్కకి తోశాను, అరచెయ్యి ఛాతీ మీద పెట్టి బలంకొద్దీ నూకాను. కదల్లేదు. "ఏం బావా, నూకుతాండావా, మసాజ్ చేస్తాండావా?" అన్నాడు.

కిందికి దిగి ఇద్దరం ఆ ముక్కని ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చూశాం. రెండు విషయాలు దొరికాయి. మొదటిది, వీడియోలో ముందు మడమ ఆనుతుంది, బరువు ముందు కాలి మీదికి జరుగుతుంది, ఆ జరగడంతోపాటు అరచెయ్యి చేరుతుంది. నేనేమో చెయ్యి ముందే చాపేసి, కాలు తర్వాత తెచ్చాను. అంటే నూకింది నా భుజం ఒక్కటే, ఒళ్ళు కాదు. రెండోది, నా అడుగు వాడికి ఎదురుగా పడింది. అది వాడి ముందు కాలి పక్కగా, మడమ వెనక్కి పడాలి. అప్పుడు నా మోకాలు వాడి కాలికి అడ్డం, పైన నా చెయ్యి వెనక్కి తోస్తుంది.

మళ్ళీ పైకెళ్ళి చేశాం. ఈసారి బలం పెట్టలేదు, అడుగు మాత్రం చూసుకుని వేశాను. మా బావమరిది పాత బొంత మీద చతికిలబడ్డాడు. లేచి, "ఇంకోసారి జెయ్యి బావా, నేను రెడీగా లేను" అన్నాడు. ఇంకోసారీ కూర్చున్నాడు. మూడోసారి తెలివిగా కాలు వెనక్కి తీసేశాడు, నేను ముందుకి తూలాను. అది కూడా పాఠమే.

ఆ రోజు తర్వాత నా ఫారం మారిపోయింది. ఒంటరిగా చేసినా అడుగు ఎక్కడ పడాలో, చెయ్యి ఎప్పుడు చేరాలో ఒంటికి తెలుసు. అందుకే అప్లికేషన్ని ఫారం అయిపోయాక చూద్దాంలే అని వాయిదా వెయ్యొద్దు. ప్రతి భంగిమకీ ఒకసారైనా ఇంకో మనిషి కావాలి. మొదట వాళ్ళు మీకు సహకరించాలి, తర్వాత చెయ్యి వెనక్కి లాక్కోవాలి, ఆ తర్వాత కదలాలి, ఎదురు తిరగాలి. మూడో దశలో కాకపోతే ఆ కదలిక పనికిరాదని కాదు, మీ దూరం తప్పు కావచ్చు.

ఒక్క జాగ్రత్త. వేళ్ళు, మణికట్టు, మోచెయ్యి మడిచే పట్లు మాత్రం తాబేలు వేగంతో చెయ్యండి. పట్టులో ఉన్నవాడు చేత్తో రెండుసార్లు తట్టగానే వదిలెయ్యాలి. కీళ్ళకి నొప్పి తెలిసేసరికే ఆలస్యం అయిపోతుంది.

పార్ట్‌నర్ ఎవరూ లేరు.

అక్క, తమ్ముడు, రూమ్మేట్, ఎవరైనా సరే. కుంగ్‌ఫూ రానివాళ్ళు ఇంకా మంచిది, ఏం చెయ్యాలో తెలీక నిజంగా నూకుతారు. మా ఆవిడ వారానికి పది నిమిషాలు ఇస్తుంది, అది కూడా టీ తాగాక.

గొడవల్లో పనికొస్తుందా?

ఫారం ఒక్కటే వచ్చినవాడికి పనికిరాదు. 2017లో చైనాలో షు షియావ్‌డాంగ్ అనే ఎంఎంఏ (అన్ని రకాల పోరాటాలూ కలిపిన పోటీ) ఫైటర్ తాయ్‌చీ మాస్టర్నని చెప్పుకునే ఒకాయన్ని 20 సెకన్లలోపే పడగొట్టాడు. దాని మీద చైనాలో పెద్ద రభస జరిగింది. నేను తాయ్‌చీ చేసేవాణ్ణే అయినా షు వైపే ఉంటాను. ఏళ్ళ తరబడి గాల్లో చేసి, సహకరించే శిష్యుల్ని పడెయ్యడమే అలవాటైనవాడు, నిజంగా కొట్టేవాడి ముందు నిలబడలేడు. తప్పు ఫారంది కాదు, దెబ్బ తగలని ప్రాక్టీసుది.

కొట్లాట మీదే ఆసక్తి ఉంటే సాండా చూడండి. వూషు (చైనా యుద్ధవిద్యల క్రీడ) పోటీల్లో రెండు భాగాలుంటాయి, ఫారాలు చేసే టావ్‌లు, తలపడే సాండా. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన దేశానికి రోషిబినా దేవి వెండి పతకం తెచ్చింది సాండాలోనే. అది మాత్రం వీడియోతో అయ్యే పని కాదు.

ఇక వీధి గొడవలంటారా, పరిగెత్తడం బాగా ప్రాక్టీస్ చెయ్యండి.

నాకు కర్రసాము వచ్చు. చైనా కర్ర ఫారానికి కలిసొస్తుందా?

బాగా కలిసొస్తుంది, నాకైతే అసూయ కూడా. మా చిన్నప్పుడు పీర్ల పండగకి వీధిలో కర్ర తిప్పేవాళ్ళ చుట్టూ చేరేవాళ్ళం. మణికట్టు వదులు, కర్ర బరువుని కర్రకే వదిలెయ్యడం, నడుంతో తిప్పడం, ఇవి ఒకసారి ఒంటికి పట్టాక ఏ దేశం కర్రయినా ఒకటే. చైనాలో కనుబొమ్మల ఎత్తు కర్ర ఒకటి బాగా వాడకంలో ఉంది. వాళ్ళ ఫారాల్లో ఈటెతో పొడిచినట్టు కర్ర కొనతో పొడవడం ఉంటుంది, అది కొంచెం కొత్తగా అనిపించొచ్చు. కర్రకి నెల, కత్తికి ఏడాది, ఈటెకి జీవితకాలం అని వాళ్ళ సామెత.

మీ ఊళ్ళో తాలింఖానా (సాము నేర్పే చోటు) నడిపిన పెద్దాయన ఇంకా ఉంటే మాత్రం, ముందు ఆయన దగ్గరికి వెళ్ళండి. చైనా వీడియో ఎక్కడికీ పోదు.

కత్తి ఫారం నేర్చుకోవాలని ఉంది. కత్తి ఎక్కడ కొనాలి?

చెక్కది చేయించుకోండి, వడ్రంగి చేసిపెడతాడు. ఇనప కత్తి బైకుకి కట్టుకుని తిరిగితే పోలీసులకి ఫారం అని చెప్పి ఒప్పించలేరు. సినిమాల పుణ్యమా అని మన జిల్లాల పేరు ముందే అలా ఉంది.

ఎక్కడ చెయ్యాలి? ఈ ఎండల్లో ఎలా?

24కి ఓ పదిహేనడుగుల పొడవున్న జాగా చాలు. మార్చి దాటాక ఆరున్నరకల్లా ముగించండి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర 42, 43 డిగ్రీలు మామూలే. సాయంత్రం చేద్దామంటే మేడ ఎనిమిదింటిదాకా సెగలు కక్కుతుంటుంది.

నేల సంగతి చాలామంది పట్టించుకోరు. మన ఇళ్ళలో పరిచేవి కడప బండలు, లేదా బేతంచెర్ల పాలిష్ బండలు. వాటి మీద సాక్సులతో చేస్తే కాలు జారుతుంది, తడిస్తే ఇంకా. ఉత్త కాళ్ళతో గట్టిగా తొక్కితే మడమ నొప్పి. పల్చటి అడుగున్న కాన్వాస్ బూట్లు మేలు. పడెయ్యడాలు బండల మీద అస్సలు వద్దు, కింద బొంతో పరుపో ఉండాలి. మట్టి నేల దొరికితే అదే అన్నిటికంటే మంచిది.

వయసు యాభై అయిదు. మోకాళ్ళ నొప్పులు, షుగర్ ఉన్నాయి. చెయ్యొచ్చా?

డాక్టర్ని అడిగి తాయ్‌చీ చెయ్యండి, మిగతావి వద్దు. పెద్ద వయసువాళ్ళు జారిపడటం తాయ్‌చీ వల్ల తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. కానీ వీడియోలో మాస్టర్ ఎంత కిందికి వంగితే అంత వంగాలని లేదు. 'పాము నేలకి పాకడం' అని ఒక భంగిమ ఉంది, ఆయన పిర్ర నేలకి తగుల్తుంది. మీరు అందులో కొంచెం మోకాలు వంచితే చాలు.

తిరిగేటప్పుడు జాగ్రత్త. పాదం నేలకి అతుక్కుని ఉండగా మోకాలు మెలిపడితే నొప్పి ఖాయం. ముందు బరువు తీసి, పాదం తిప్పి, అప్పుడు బరువు వెయ్యండి. షుగర్ ఉన్నవాళ్ళు ఖాళీ కడుపుతో చెయ్యొద్దు, ఉత్త కాళ్ళతో అస్సలు వద్దు.

ఆన్‌లైన్ కోర్సులో బ్లాక్ బెల్టు సర్టిఫికెట్ ఇస్తామంటున్నారు. చేరాలా?

పాత చైనా పద్ధతుల్లో బెల్టులు లేవు. రంగు బెల్టుల అలవాటు జపాన్ జూడో నుంచి వచ్చింది. నేనూ ఒకసారి మోసపోయాను, నాలుగు వేలు కట్టాను. నేను పంపిన వీడియో తెరిచి కూడా చూడలేదు. ఎలా తెలిసిందంటే, తొందరలో తప్పు ఫైల్ పంపాను, మా పాప బర్త్‌డే వీడియో. వారానికి సర్టిఫికెట్ వచ్చింది, 'ఎక్సలెంట్' అని. లామినేషన్ మాత్రం మా షాపులోనే చేసుకున్నాను.

డబ్బు కట్టాలనిపిస్తే, మీ వీడియో చూసి తప్పులు చెప్పేవాడికి కట్టండి.

చైనీస్ రాదు. వీడియో అర్థం కావట్లేదు.

లెక్క ఎనిమిది దాకా, 'జువో' అంటే ఎడమ, 'యో' అంటే కుడి, ఇవి వస్తే సగం వీడియో నడుస్తుంది. మిగతాది సబ్‌టైటిల్స్‌లో ఆటో ట్రాన్స్‌లేట్ పెట్టుకోండి. భంగిమల పేర్లు చిత్రంగా వస్తాయి, 'కోతిని వెనక్కి తరమడం', 'పిచ్చుక తోక పట్టడం' అని. నవ్వి ఊరుకోకండి. పిచ్చుక తోక పట్టడంలోనే తాయ్‌చీలో మొదటి నాలుగు శక్తులు, ఆపడం, లాగడం, నొక్కడం, తొయ్యడం, వరసగా ఉన్నాయి.

పిల్లలకి నేర్పొచ్చా?

ఫారం నేర్పండి, సంబరంగా చేస్తారు. కీళ్ళ పట్లు వద్దు.

ఇంత చేశాక నిజమైన గురువు దొరికితే?

వెంటనే వెళ్ళండి. కర్నూలు నుంచి హైదరాబాదు, అనంతపురం నుంచి బెంగళూరు, పొద్దున వెళ్ళి రాత్రికి రావొచ్చు. నెలకోసారి వెళ్ళినా చాలు. నాకు యూట్యూబులో వచ్చేసిందని మాత్రం చెప్పకండి. చూపించమంటే చూపించండి, లేకపోతే మొదటి నుంచి మొదలుపెట్టండి. వెళ్ళే ముందు వీడియోలో అర్థం కానివి కాగితం మీద రాసుకోండి, ఆయన్ని అడగాల్సింది వరస కాదు, అది మీకు వచ్చు. "సార్, ఈ భంగిమ ఒకసారి నా మీద చెయ్యండి" అని అడగండి. ఆయన చెయ్యి మీ ముంజేతి మీద ఆనిన ఆ రెండు నిమిషాలూ వీడియో తీసుకోవద్దు. ఫోన్ బ్యాగులోనే ఉంచండి.